కాలే నుంచి అల్గార్వే దాకా: నింపుకునే గ్యాస్ బండతో చలికాలపు మోటార్‌హోమ్ యాత్ర

బ్రిటన్‌లో క్యారవాన్లకీ మోటార్‌హోమ్‌లకీ మామూలుగా వాడేది క్యాలర్ బండ. ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకుంటారు. ఇంగ్లిష్ ఛానెల్ దాటి ఫ్రాన్స్‌లోని కాలేలో దిగి, స్పెయిన్ మీదుగా పోర్చుగల్ దక్షిణ తీరం అల్గార్వే దాకా పోయేవాళ్లకి ఆ మార్పిడి కుదరదు. ఫ్రాన్స్‌లో బ్యూటాగ్యాస్, ఆంటార్‌గ్యాస్ బండలకు డిపాజిట్ కట్టాలి, మరలు కూడా వేరు. స్పెయిన్‌లో రెప్సోల్ వాళ్ల నారింజ రంగు 12.5 కిలోల బండ మన 14.2 కిలోల ఎర్ర బండకి తమ్ముడిలా ఉంటుంది, కానీ ఊళ్లు తిరిగేవాళ్లకి దాన్ని సంపాదించడమే ఒక పని. యూరప్‌లో చాలాచోట్ల దొరికేది క్యాంపింగ్‌గ్యాస్ 907. అందులో ఉండేది 2.75 కిలోల బ్యూటేనే, కిలో లెక్కన చూస్తే బాగా ఖరీదు.

రెండు పూటలా అన్నం, పప్పు వండుకుంటూ నెలల తరబడి తిరిగే కుటుంబానికి మిగిలే దారి, బంకులో ఆటోగ్యాస్ (కార్లకి అమ్మే ఎల్పీజీ) నింపుకునే సొంత బండ. మన దేశంలో బండలోకి ఇలా గ్యాస్ ఎక్కించడం నేరం కాబట్టి తెలుగువాళ్లకి మొదటిసారి పంపు దగ్గర చెయ్యి వెనక్కి లాగుతుంది. ఈ బండల సంగతి వేరు. లోపల తేలుడు బంతితో పనిచేసే వాల్వు ఉంటుంది, 80 శాతం నిండగానే అదే ఆపేస్తుంది. మిగతా 20 శాతం ఖాళీ వదిలేది ఎండకి ద్రవం వ్యాకోచించడానికి. అంచు దాకా నింపిన బండ ఎండలో ఉంటే పీడనం పెరిగి రక్షణ వాల్వు తెరుచుకుని గ్యాస్ బయటికి చిమ్ముతుంది. క్యాలర్ బండలో 80 శాతం దగ్గర ఆపే వాల్వు లేదు, పైగా అది కంపెనీ ఆస్తి. దాన్ని అడాప్టర్ పెట్టి నింపడం ఎవరు చెప్పినా చేయకండి.

ముందు ఎంత కావాలో లెక్క వేసుకోవాలి. ప్రొపేన్ లీటరు సుమారు 0.51 కిలోలు, అంటే 11 కిలోల బండ 21, 22 లీటర్ల దగ్గర ఆగుతుంది, 6 కిలోలది 12 దగ్గర. పొయ్యి ఒక బర్నర్ గంటకి 130 గ్రాముల చొప్పున, నలుగురి వంటకి రోజుకి పావు కిలో. ఫ్రిజ్ గ్యాస్ మీద నడిస్తే ఇంకో 350 గ్రాములు. హీటర్ లేకపోతే 11 కిలోలు రెండున్నర వారాలు వస్తాయి. ట్రూమా కాంబీ 4 హీటర్ గంటకి 160 నుంచి 320 గ్రాములు తాగుతుంది, చలి రాత్రుల్లో వేస్తే అదే బండ నాలుగైదు రోజులకి ఖాళీ. అందుకే చలికాలానికి 11, 6 కిలోల జంట సరైనది: పెద్దది అయిపోగానే ఆటోమేటిక్ రెగ్యులేటర్ చిన్నదానికి మారుతుంది, ఎర్ర గుర్తు కనిపించిన రోజు నుంచి బంకు వెతుక్కోవచ్చు.

ఈ బండల్లో గ్యాస్‌లో (Gaslow), అల్యూగ్యాస్, సేఫ్‌ఫిల్ అని రకాలున్నాయి. ఏ కంపెనీది కొన్నారన్న దానికంటే నింపే మూతి ఎక్కడ పెట్టించారన్నదే ముఖ్యం. మూతి బండి పక్క గోడకి బిగించి ఉంటే బంకువాళ్లకి అది కారు ట్యాంకులాగే కనిపిస్తుంది. సేఫ్‌ఫిల్ తేలిక, లోపలి ద్రవం బయటికి కనిపిస్తుంది, కానీ బండ మీదే నాజిల్ పెట్టాలి. గ్యాస్ అర తలుపు తీసి బండ చూపించగానే ఫ్రాన్స్, ఇటలీ బంకుల్లో చాలాచోట్ల కాదంటారు, జర్మనీలో అయితే బండిలో స్థిరంగా బిగించని బండని నింపనే నింపరు. కాబట్టి వందో నూట యాభయ్యో పౌండ్లు ఎక్కువైనా గోడ మూతి పెట్టించుకోవడమే మేలు. బండ నుంచి రెగ్యులేటర్‌కి రబ్బరు పైపు వద్దు, స్టీలు పైపు వేయించండి. ఆటోగ్యాస్‌తో వచ్చే జిడ్డు రబ్బరుని మెత్తగా ఉంచే రసాయనాన్ని కూడా కలుపుకుని రెగ్యులేటర్‌లో పేరుకుంటుంది. రెగ్యులేటర్ బండల కంటే ఎత్తున ఉండి, పైపు ఎక్కడా సంచిలా వేలాడకుండా కిందికి దిగితే ఆ జిడ్డు మళ్లీ బండలోకే జారిపోతుంది. రెండో బర్నర్ వెలిగించగానే మొదటిది కుంగి పసుపు మంట వస్తోందంటే అనుమానించాల్సింది ఈ జిడ్డునే.

ఫోక్‌స్టోన్ దగ్గర యూరోటన్నెల్ (ఛానెల్ కింది సొరంగంలో బళ్లని కాలేకి చేర్చే రైలు) ఎక్కేటప్పుడు వంటకీ హీటర్‌కీ ఉన్న గ్యాస్‌కి అభ్యంతరం లేదు. విడి బండలు ఒక్కోటి 47 కిలోలు, ఒకటికి మించితే మొత్తం 50 కిలోలు మించకూడదు. ఆటోగ్యాస్‌తో ఇంజను నడిచే బండిని మాత్రం రానివ్వరు. వాల్వులు కట్టేశారో లేదో సిబ్బంది చూస్తారు.

ఫ్రాన్స్‌లో రూఆన్, తూర్, బోర్డో మీదుగా దిగే దారిలో ‘జీపీఎల్’ (ఎల్పీజీకి ఫ్రెంచి పేరు) బోర్డులకి కొదవ లేదు. మోటార్‌వే బంకులో కంటే ఊరి అంచున సూపర్‌మార్కెట్ పంపులో చవక. ఇక్కడి నాజిల్‌కి డిష్ అడాప్టర్ కావాలి, ఇటలీ, పోలండ్‌లో కూడా ఇదే. జర్మనీ, బెల్జియంలో మరతో తిప్పే ఆక్మే, నెదర్లాండ్స్‌లో బ్రిటన్‌లో ఉన్నట్టే బేయొనెట్, స్పెయిన్‌లో యూరో నాజిల్. పోర్చుగల్‌లో ఎక్కువగా యూరోయే, పాత పంపుల్లో డిష్. ఇత్తడి అడాప్టర్లు అన్నీ ఒక చిన్న సంచిలో వేసి డ్రైవరు తలుపులోనే ఉంచండి.

నింపే పద్ధతి: ఇంజను, ఫ్రిజ్, హీటర్ ఆపాలి. అడాప్టర్ చేత్తోనే బిగించాలి, పానా పెడితే లోపలి వాషర్ నలుగుతుంది. నాజిల్ తగిలించి పిడి లాక్ చేసి, పంపు మీది బటన్ నొక్కి పట్టుకోవాలి. వదిలితే ఆగిపోతుంది. మీటరు మీద కన్ను ఉంచి లీటర్లు లెక్కపెట్టండి: 11, 6 జంట పూర్తిగా ఖాళీగా ఉన్నా 33, 34 దగ్గర ఆగాలి, ఆగకపోతే మీరే ఆపేయాలి, 80 శాతం దగ్గర ఆపే వాల్వుని మెకానిక్‌కి చూపించే దాకా మళ్లీ నింపకూడదు. నాజిల్ తీసేటప్పుడు ‘బుస్’ మని కొంచెం గ్యాస్ రావడం మామూలే. ఆ ద్రవం వేళ్ల మీద పడితే చర్మం గడ్డకట్టుకుపోతుంది కాబట్టి గ్లౌజులు తప్పవు.

నాలుగైదు లీటర్లకే పంపు మొరాయిస్తే చాలామంది బండ పాడైందనుకుంటారు. ఎండలో నిలిపిన బండిలో బండ వేడెక్కి లోపలి పీడనం పంపు పీడనాన్ని నెట్టేస్తుంది. నీడలో కాసేపు ఆగి ప్రయత్నించండి, లేదా వేరే బంకు చూడండి. రెండు బంకుల్లోనూ అదే వరస అయితే నింపే మూతిలోని జల్లెడ మూసుకుపోయి ఉంటుంది.

బసల్లో గ్యాస్ ఖర్చుని నిర్ణయించేది కరెంటు. ఫ్రెంచి ఊళ్లలోని మున్సిపల్ ‘ఎయిర్’లు (మోటార్‌హోమ్‌లు రాత్రి ఆగే స్థలాలు) చవక, కొన్ని ఉచితం. అక్కడి స్తంభంలో టోకెన్ వేస్తే సుమారు 100 లీటర్ల నీళ్లో గంట కరెంటో వస్తుంది, కాబట్టి వంట, ఫ్రిజ్, హీటర్ అన్నీ గ్యాస్ మీదే. క్యాంపింగ్‌కార్ పార్క్ వాళ్ల గేటు ఉన్న స్థలాల్లో చాలావాటిలో కరెంటు అద్దెలోనే కలిసి ఉంటుంది, కార్డు ముందే తీసుకోవాలి. పెద్ద క్యాంప్‌సైట్లలో 6 ఆంపియర్లంటే 1,380 వాట్లే. 2 కిలోవాట్ల కెటిల్ పెడితే ఫ్యూజు ఎగిరిపోతుంది. ఫ్రిజ్‌ని కరెంటు మీద వదిలి, కుక్కర్‌ని గ్యాస్ మీద పెట్టడం అక్కడ లాభసాటి.

సాన్ సెబాస్టియన్ దాటి బుర్గోస్ చేరితే ఎత్తు 850 మీటర్ల పైమాటే, జనవరి రాత్రులు సున్నా కిందికి పోతాయి. స్పెయిన్ ఆటోగ్యాస్‌లో బ్యూటేన్ పాలు ఎక్కువ ఉండొచ్చు, పోర్చుగల్‌లో కూడా అంతే. ప్రొపేన్ -42 డిగ్రీల్లో కూడా ఆవిరవుతుంది, బ్యూటేన్ సున్నా దగ్గరే మొండికేస్తుంది. వెళ్లేటప్పుడు ఇబ్బంది ఉండదు, దక్షిణం వెచ్చన. తంటా తిరుగు ప్రయాణంలో వస్తుంది. అల్గార్వేలో నింపుకుని వారం తిరిగేసరికి తేలికైన ప్రొపేన్ ముందు ఖర్చయిపోయి బ్యూటేన్ మిగులుతుంది. బుర్గోస్‌లో గేజు మూడో వంతు చూపిస్తుంటుంది, అర్ధరాత్రి హీటర్ ఎర్ర లైటు వెలిగించి ఆగిపోతుంది. విరుగుడు ఒక్కటే: మైదానంలో నింపినది అక్కడే వాడేసి, బుర్గోస్ ఉన్న పీఠభూమి ఎక్కే ముందు మళ్లీ నింపుకోవాలి. తాజాగా పడిన గ్యాస్‌లో ప్రొపేన్ ఎంతో కొంత ఉంటుంది.

పోర్చుగల్‌లో క్యాంప్‌సైట్ బయట ఒకే మున్సిపాలిటీలో 48 గంటలు నిద్రించొచ్చని 2021లో చట్టం సడలించారు. రక్షిత ప్రాంతాలకీ తీరం ప్రణాళికల పరిధికీ ఆ సడలింపు లేదు, అంటే అల్గార్వే బీచిల్లో చాలా భాగం తీసేసినట్టే. ఊరి ‘అరియా’ల్లో (ఫ్రెంచి ఎయిర్‌ల లాంటివే) ఆగడమే సుఖం.

గ్యాస్ అర అడుగున ఉన్న రంధ్రం గురించి ఒక మాట. గ్యాస్ గాలి కంటే బరువు, కారితే ఆ రంధ్రంలోంచే బయటికి దిగాలి. మనవాళ్ల బళ్లలో దాని మీద బియ్యం సంచో చెప్పుల మూటో కనిపిస్తూ ఉంటుంది. ప్రతి నింపుడు తర్వాత కీళ్ల మీద సబ్బు నురుగు రాసి చూడటానికి రెండు నిమిషాలు చాలు.

రెండు బండలు, స్టీలు పైపులు, గోడ మూతి, బిగింపు కూలీ కలిపి మోటుగా 500 పౌండ్ల పైన పడుతుంది. వేసవిలో పక్షం రోజులు కరెంటున్న సైట్లలోనే తిరిగేవాళ్లకి అది తిరిగి రాదు, వాళ్లకి క్యాలర్‌తో పాటు ఒక 907 చాలు. అద్దె మోటార్‌హోమ్‌లలో చాలావాటికి మార్పిడి బండలే ఉంటాయి. బుక్ చేసేటప్పుడే బండలు ఏ రకం, ఎన్ని కిలోలు, నింపుకునేవైతే అడాప్టర్లు ఇస్తారా అని రాయించుకోండి.