చాసిస్ నెంబర్ ఇచ్చినా వేరే మోడల్ బ్రేక్ కాలిపర్ అంటగట్టారు, తిరుపతి వాళ్లు జాగ్రత్త

తిరుపతిలో బ్రేక్ సామాను కొనబోతున్న వాళ్లు ముందు ఇది చదవండి. షాపు పేరు రాయడం లేదు. రేటు తక్కువని మనమంతా వెళ్లే చోటే, ఇక్కడ కారు పని సొంతంగా చేసుకునే వాళ్లకు చెప్పకుండానే అర్థమవుతుంది.

సంగతి క్లుప్తంగా చెబుతాను. ముందు ఎడమ చక్రం కాలిపర్‌లో, అంటే ప్యాడ్లను డిస్క్‌కు నొక్కి చక్రాన్ని ఆపే భాగంలో, పిస్టన్ పట్టేసింది. కొత్తది బ్రాకెట్‌తో (కాలిపర్‌ను పట్టి ఉంచే చట్రం) సహా కావాలని అడిగాను. ఆర్‌సీ ఫోటో, చాసిస్ నెంబర్ వాట్సాప్‌లో పంపాను. "సేమ్ సార్, మీ బండిదే, వచ్చి తీసుకోండి" అని జవాబు వచ్చింది. వెళ్లి, డబ్బు ఫోన్‌లో కట్టి తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి బిగిస్తే చక్రం చేత్తో తిప్పినా తిరగడం లేదు. బ్రాకెట్ లోపలి అంచు డిస్క్‌కు తగిలి గరగరమంటోంది. లోపలి ప్యాడ్ డిస్క్‌ను అంటుకుని ఉంది, బయటి ప్యాడ్ దగ్గర మాత్రం కంటికి కనిపించేంత సందు.

షాపును అనే ముందు చూడాల్సినవన్నీ చూశాను, ఎందుకంటే ఇలాంటి తేడాకు కారణాలు చాలా ఉంటాయి. చక్రం విప్పినప్పుడు డిస్క్ వదులుగా వేలాడుతుంది, అప్పుడు ఏ కాలిపర్ అయినా వంకరగానే కనబడుతుంది. అందుకే వాషర్లు వేసి వీల్ నట్లతో డిస్క్‌ను హబ్‌కు (చక్రం బిగించే మధ్య భాగం) బిగించి మళ్లీ చూశాను. హబ్ ముఖం మీది తుప్పు వైర్ బ్రష్‌తో గీకేశాను, అక్కడ కాస్త పొర మిగిలినా డిస్క్ అటూ ఇటూ ఊగుతుంది. కాలిపర్ జారడానికి ఉండే గైడ్ పిన్నులు రెండూ బయటికి తీశాను. కొన్ని బండ్లలో ఒక పిన్నుకు రబ్బరు తొడుగు ఉంటుంది, పైదీ కిందదీ మారితే కాలిపర్ పట్టేస్తుంది. ఇక్కడ రెండూ హాయిగా జారుతున్నాయి. ప్యాడ్ క్లిప్పులు సరిగానే కూర్చున్నాయి. బ్రేక్ హోస్ మెలిక పడలేదు. బ్రాకెట్ బోల్టులు పూర్తిగా దిగాయి. అయినా గరగర పోలేదు.

పాత బ్రాకెట్ పక్కన కొత్తది పెట్టి వెర్నియర్ కొలత పరికరంతో కొలిచాక విషయం బయటపడింది. బోల్టు పట్టే చెవి దగ్గర మందం దాదాపు మూడు మిల్లీమీటర్లు తేడా! బోల్టు రంధ్రాలు సరిపోతాయి కాబట్టి బిగుసుకుంటుంది, కానీ డిస్క్ మధ్యలోకి రాదు. పోనీ పాత బ్రాకెట్ మీద కొత్త కాలిపర్ వేద్దామంటే గైడ్ పిన్నుల మధ్య దూరమే వేరు. అంటే మొత్తం అసెంబ్లీయే వేరే మోడల్‌ది.

రెండూ సంచిలో వేసుకుని షాపుకు వెళ్లాను. కౌంటర్ మీద పక్కపక్కనే పెట్టి, కొలిచి చూపించాను. ఓనర్ దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. "గ్రైండింగ్ కొట్టించు సామీ, సరిపోతుంది. అందరూ అట్లే చేసుకుంటున్నారు" అన్నాడు. బ్రేక్ బ్రాకెట్‌ను గ్రైండర్‌తో అరగదీయమని! చక్రం ఆగేటప్పుడు లోడ్ మొత్తం పడేది దాని మీదే. ఇదే బండిలో మా అమ్మానాన్నలను కొండకు తీసుకెళ్తానని చెప్పాను. "కొండకు పోయే వాళ్లంతా నీ మాదిరి కొలుచుకుని పోతుండారా?" అన్నాడు.

ఆ తర్వాత నెంబర్ తప్పు ఇచ్చింది నేనే అన్నాడు. అందుకే వాట్సాప్ తెరిచి, అతను పెట్టిన జవాబు అతనికే చూపించాను. చదివాడు. తన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. నా ఫోన్‌లో నేను చూస్తుండగానే ఆ మెసేజ్ మాయమైపోయింది, దాని స్థానంలో డిలీట్ అయిందన్న లైను వచ్చింది. తలెత్తి నా ముఖం చూసి, "యాడుంది సామీ మెసేజ్?" అన్నాడు. కౌంటర్ దగ్గర ఇంకో ఇద్దరు కస్టమర్లున్నారు, పనివాళ్లున్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు. కోపంతో నా చేతులు వణికాయి. డబ్బు పోతే సంపాదించుకుంటాం. మనిషి కళ్లలోకి చూస్తూ ఇంత పచ్చిగా అబద్ధమాడటం నేను మరిచిపోలేను.

బిల్లు అడిగి తీసుకున్నాను కదా అని చూపిస్తే, అందులో "బ్రేక్ ఐటెం" అని మాత్రమే ఉంది. పార్ట్ నెంబర్ లేదు, మోడల్ లేదు. కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ముద్ర. ఆ ముద్ర చూసి భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికే వస్తాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. డబ్బు కట్టిన రికార్డు, రెండు బ్రాకెట్ల కొలతల ఫోటోలు నా దగ్గరున్నాయి. అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, దానికి రెండేళ్ల గడువుంది.

ఇంత పట్టుదల దేనికని ఇంట్లో వాళ్లే అడుగుతున్నారు. ప్యాడ్ డిస్క్‌ను వదలకుండా రాసుకుంటూ ఉంటే కాలిపర్ వేడెక్కి, ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కు ఎక్కుతుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, డాట్ 4 అయితే 230. కానీ ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరాక ఆ హద్దులు 140, 155కు పడిపోతాయి. ఆయిల్ మరిగితే లైన్‌లో ఆవిరి నిండి, పెడల్ తొక్కినా కిందికి దిగిపోతుందే తప్ప బండి ఆగదు. తిరుమల నుంచి దిగేటప్పుడు మలుపు మలుపుకూ బ్రేక్ పడుతూనే ఉంటుంది. గ్రైండింగ్ కొట్టించుకో అన్న మనిషికి ఇది తెలియదంటే నేను నమ్మను, అతను పొద్దున లేస్తే అమ్మేది బ్రేకులే.

ప్రస్తుతం బండి స్టాండ్ల మీదే ఉంది. పాత కాలిపర్‌కే కొత్త సీల్ కిట్ (లోపలి రబ్బరు సీళ్లు) వేయిస్తున్నాను.

కొనే వాళ్లు బిల్లు మీద పార్ట్ నెంబర్, మోడల్, సంవత్సరం రాయించుకోండి. వాళ్ల మెసేజ్‌లు వచ్చిన వెంటనే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పాత సామాను షాపులో వదిలేయకండి, కొత్తది అక్కడే దాని పక్కన పెట్టి కొలిచాకే డబ్బు కట్టండి. ఈ మధ్య ఆ షాపులో కాలిపర్ కొని ఇప్పటికే బిగించుకున్న వాళ్లుంటే, కొండ ఎక్కే ముందు జాకీ వేసి చక్రం చేత్తో తిప్పి చూడండి. బరువుగా తిరిగినా, ఎక్కడైనా రాసుకుంటున్న శబ్దం వచ్చినా బండి తీయకండి.