బాల్కనీ వైఫై, రెండున్నరేళ్లు: వడ్డన భేష్, చోటే చాల్లేదు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో మా ఇల్లు మొదటి అంతస్తు. కింద టీ కొట్టు, చుట్టూ కోచింగ్ సెంటర్లు, గ్రూప్స్‌కు చదివే పిల్లలు. వాళ్ల కోసం బాల్కనీలో తులసి కోట వెనక అరచేతిలో ఇమిడే చిన్న రూటర్ పెట్టి రెండున్నరేళ్లయింది. ఇంటి కనెక్షన్ 100 మెగాబిట్లది, అందులో 20 ఈ పెట్టెకు వదిలాను. యాంటెన్నాలు, వేగాలు, ధర డబ్బా మీదే ఉంటాయి కనుక ఇక్కడ రాయను. నేను చెప్పదలచింది ఒక్క సదుపాయం గురించి. దాని మీద నాకు ఇంచుమించు పుత్రవాత్సల్యం ఉంది.

పెట్టెలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టి అనే ఉచిత రూటర్ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. అందులో ‘కేక్’ అని ఒక ఏర్పాటు ఉంది. అది ఉన్న ఇంటర్నెట్‌ను బంతి భోజనంలో వడ్డించినట్టు వరుసగా అందరికీ కాస్త కాస్త వడ్డిస్తుంది. అంతకుముందు ఒక కుర్రాడు టీ తాగుతూ క్లాసు వీడియోలు దింపుకుంటే, పక్క బల్ల మీద వాళ్లకు పీడీఎఫ్ కూడా తెరుచుకునేది కాదు. కేక్ పెట్టాక పదిహేను మంది కూర్చున్నా ఎవరి పని వాళ్లకు సాగింది. అయితే ఒక మెలిక. పెట్టగానే అది కనెక్షన్ల లెక్కన పంచుతుంది. ఒకేసారి ఎనిమిది కనెక్షన్లు తెరిచే డౌన్‌లోడ్ యాప్ ఎనిమిది విస్తళ్లు వేసుకుని కూర్చుంటుంది. సెట్టింగుల్లో ‘న్యాట్’ అన్న ఒక్క మాట చేర్చితేనే పెట్టె వెనక ఉన్న ఫోన్లను విడివిడిగా గుర్తుపడుతుంది. ఆ మాట దొరకడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. దొరికాక అపార్ట్‌మెంట్‌లో అందరికీ చెప్పుకు తిరిగాను.

మొదట్లో పాస్‌వర్డ్ లేకుండా వదిలేశాను. 2008లో అహ్మదాబాద్ పేలుళ్ల ముందు వచ్చిన ఈమెయిలు నవీ ముంబైలో ఒకరి ఇంటి వైఫై మీదుగా వెళ్లిందనీ, పోలీసులు ముందు ఆయన తలుపే తట్టారనీ మా అమ్మాయి గుర్తు చేసింది. దాంతో పీఎం వాణికి మారాను. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పబ్లిక్ వైఫై పద్ధతి ఇది. వైఫై పంచే చిన్నవాళ్లకు లైసెన్సూ రుసుమూ అక్కర్లేదు. మధ్యలో ఉండే సంస్థతో చేరితే చాలు, వాడుకునేవాళ్లు ఫోనుకు వచ్చే ఓటీపీతో లోపలికి వస్తారు. కనెక్షన్ ఇచ్చినవాళ్లతో ముందే మాట్లాడుకున్నాను, మీరూ ఒప్పందం చదువుకోండి. ఇంకొకటి, బయటివాళ్లు మన ఇంటి ప్రింటర్ దాకా రాకుండా ఫైర్‌వాల్‌లో, అంటే పెట్టెలో రాకపోకలకు కాపలా కాసే సెట్టింగులో, దారి మూయడం మరచిపోకండి.

అసలు కథ పోయిన వేసవిది. రోజూ పదకొండు దాటేసరికి వైఫై పనిచేయడం లేదని కింది నుంచి కేకలు. ఫోన్లలో ‘ఐపీ చిరునామా పొందుతోంది’ అని తిరుగుతూనే ఉంటుంది. పెట్టె ఆపి మళ్లీ వేస్తే బాగైపోతుంది. మర్నాడు మళ్లీ అదే. మే నెల ఎండ బాల్కనీలో నేరుగా పడుతుంది, వేడికి అలసిపోతోందనుకున్నాను. చిన్న ఫ్యాను కొని దాని మీదికి తిప్పాను. “మనకు లేని ఫ్యాను దానికెందుకండీ” అంది మా ఆవిడ. ఫ్యాను వల్ల ఏమీ మారలేదు. తర్వాత అనుమానం నా ముద్దుల కేక్ మీదికి మళ్లింది. లెక్కలు ఎక్కువై పెట్టె సొమ్మసిల్లుతోందేమో అని వారం రోజులు ఆపేశాను. పదకొండు గంటల రోగం అలాగే ఉంది, పైగా పాత వీడియోల కుర్రాడి బెడద తిరిగి వచ్చింది.

చివరికి రోగం కనిపెట్టింది టీ కొట్టు ఆయన. “సార్, పొద్దున్నే వచ్చి కూర్చున్నవాళ్లకు బాగానే వస్తోంది. ఆలస్యంగా వచ్చినవాళ్లకే రావడం లేదు” అన్నాడు. అప్పుడు లాగ్, అంటే పెట్టె తన పనులు రాసుకునే చిట్టా, తెరిచి చూస్తే, ఇవ్వడానికి చిరునామాలు లేవని వరుసగా రాసి ఉంది. వైఫైలో చేరే ప్రతి ఫోనుకూ పెట్టె ముందుగా ఒక ఐపీ చిరునామా ఇవ్వాలి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టిలో ముందే పెట్టి ఉన్న లెక్క ప్రకారం చిరునామాలు 150, ఒక్కొక్కటి 12 గంటల పాటు ఆ ఫోనుకే. చిరునామా ఓటీపీ కంటే ముందే ఇచ్చేస్తారు. ఒకసారి ఇక్కడ కలిసిన ఫోను, దాని యజమాని చిక్కడపల్లి గ్రంథాలయానికి ఈ సందులోంచి నడిచినప్పుడల్లా జేబులోంచే పట్టుకుంటుంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి చేతిరుమాలు వేసి, బస్సు ఎక్కకుండానే వెళ్లిపోయినట్టు. సీటు మాత్రం సాయంత్రం దాకా వాళ్లదే. ఇక ఆపి వేస్తే ఎందుకు బాగయ్యేదంటే, ఎవరికి ఏ చిరునామా ఇచ్చిందో ఆ పట్టీని ఈ పెట్టె తాత్కాలిక జ్ఞాపకంలోనే రాసుకుంటుంది. కరెంటు పోతే రుమాళ్లన్నీ ఎగిరిపోతాయి. 12 గంటలను 30 నిమిషాలు చేశాను. ఆ పదకొండు గంటల కేకలు మళ్లీ వినపడలేదు. ఫ్యాను ఇప్పుడు వంటింట్లో ఉంది.

అప్పటి నుంచి కేక్‌ను అంత గట్టిగా పొగడడం మానేశాను. అది సమంగా పంచేది లోపల చోటు దొరికినవాళ్లకే. అదీ ఫోనుకో వాటా తప్ప మనిషికో వాటా కాదు. ల్యాప్‌టాప్, ట్యాబ్, ఫోను మూడూ తెచ్చుకున్నవాడికి మూడు వాటాలు. సందు చివర సిగ్నల్ అందీ అందక వేలాడే ఫోను గాలిలోనే బోలెడు సమయం తినేస్తుంది, అక్కడ దీని పప్పులు ఉడకవు. 20 మెగాబిట్ల దగ్గర చక్కగా పనిచేసేది, సరదాకి 100 పెడితే మా పెట్టె 40 దగ్గరే చతికిలబడింది. ఒకేసారి ముప్పై ఫోన్లు దాటితే కొన్ని జారిపోతున్నాయి. ఓటీపీ గొడవ వేరే. రీఛార్జ్ అయిపోయి చాలా రోజులైనవాడికే ఈ వైఫై అవసరం, తీరా వాడి ఫోనుకే ఆ సందేశం రాదు.

కొనవచ్చా అంటే, నాలాగా రిటైరై, పగలంతా ఇంట్లో ఉండి, లాగులు చదవడం కాలక్షేపంగా ఉన్నవాళ్లకు కొనమనే చెబుతాను. కింద కొట్టు నడుపుకుంటూ ఇది కూడా చూసుకోవాలంటే కష్టం. గేటెడ్ కమ్యూనిటీలో ఐదో అంతస్తు వాళ్లకు అసలు అవసరమే రాదు. తర్వాతి నోటిఫికేషన్ వచ్చే లోపు కాస్త పెద్ద పెట్టె తెద్దామా అని చూస్తున్నాను. తులసి కోట మాత్రం జరిపేది లేదని మా ఆవిడ ముందే చెప్పేసింది.