సెకండ్ హ్యాండ్ క్యాంపర్ వ్యాన్ కొంటున్నారా? కప్పు కారితే ఇన్సూరెన్స్ ఇస్తుందనుకోకండి

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒకసారి ఇది చదవండి. నాకు లక్షా నలభై వేలు పోయాయి.

మాది హనుమకొండ. నిరుడు ఎండాకాలంలో హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర బండి కొన్నాను. టెంపో ట్రావెలర్‌నే లోపల మార్చారు. రెండు మంచాలు, సింకు, చిన్న ఫ్రిజ్, కప్పు మీద ఏసీ. రామప్ప, బొగత, మేడారం అన్నీ తిరగొచ్చని ఇంట్లో ఒకటే ఉబలాటం. "ఫుల్ ఇన్సూరెన్స్ సార్, బంపర్ టు బంపర్. ఏం జరిగినా వాళ్లే చూసుకుంటారు" అని డీలర్ వాయిస్ మెసేజ్ పెట్టాడు. అసలు ఎండాకాలంలో బండి చూడటమే నా మొదటి తప్పు. ఎండలో ఏ కప్పు కారుతుంది?

జూలైలో ముసురు పట్టింది. లక్నవరం వెళ్లిన రాత్రి, పై మంచం మీద పడుకున్న మా బావమరిది లేచి "బావా, మీద నీళ్లు పడుతున్నయ్" అన్నాడు. ఏసీ నీళ్లేమోనని ఏసీ ఆపాం. ఆగలేదు. తెల్లారి చూస్తే ఏసీ చుట్టూ ప్లైవుడ్ ఉబ్బి ఉంది. బొటనవేలితో నొక్కితే నానిన అట్టలా లోపలికి దిగింది. బండంతా ముక్కిన వాసన.

అయినా నేను టెన్షన్ పడలేదు. 2023 జూలై వరదల్లో హంటర్ రోడ్డులో మా దోస్తు కారు సీట్ల దాకా మునిగితే క్లెయిమ్ వచ్చింది. అవీ నీళ్లే, ఇవీ నీళ్లే కదా అనుకున్నాను.

క్లెయిమ్ పెట్టాను. నష్టం చూడటానికి ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్ టార్చి, స్క్రూడ్రైవర్ పట్టుకొని వచ్చాడు. ఏసీ చుట్టూ నీళ్లు దిగకుండా పూసిన తెల్ల సీలెంట్ కొంచెం గీకాడు. కింద పసుపు రంగుకు తిరిగిన ఇంకో పూత, దాని కింద పగుళ్లు పట్టిన మరో పూత, ఆ కింద నల్లబడిన ప్లై. "చూడండి సార్, ఎన్నిసార్లు పూశారో. ఇది ఈ వానకు అయింది కాదు, రెండు మూడు వానాకాలాల పని" అన్నాడు. రిపోర్టులో అదే రాశాడు, క్లెయిమ్ తిరస్కరించారు.

పాలసీ కాగితం అప్పుడు తీసి చదివాను. ఓన్ డ్యామేజ్, అంటే మన బండికే జరిగే నష్టం కింద వరద, తుఫాను, వడగండ్లు, పిడుగు, కొండచరియలు అన్నీ ఉన్నాయి. అంటే ఫలానా రోజున జరిగిందని చూపించగలిగిన నష్టాలు. వాడకంలో అరిగిపోవడం, పాతబడటం మాత్రం కవర్ కాదు. సీలెంట్ ఎండి పగిలి చుక్క చుక్క కారడం ఆ లెక్కలోకే వస్తుంది. అమెరికాలో ఉన్న మా అక్క కొడుకును అడిగితే, అక్కడి ఆర్వీ (ఇలాంటి ఇల్లులాంటి బండ్ల) పాలసీలు కూడా ఏళ్ల తరబడి కారిన నీళ్లకు, బూజుకు మామూలుగా డబ్బులివ్వవన్నాడు.

ఇక బంపర్ టు బంపర్. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం, ఫైబర్‌కు 30 శాతం తరుగుదల అని క్లెయిమ్ డబ్బులో కోస్తారు కదా, ఆ కోత లేకుండా చేసేదే అది. క్లెయిమే చెల్లకపోతే దానితో పనేముంది? ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ తీసుకున్నా అది ఇంజిన్‌లోకి నీళ్లు పోతేనే, మంచం మీద పడితే కాదు.

తిరస్కరణ లేఖలో రెండో కారణం కూడా ఉంది, నాకు ఎక్కువ మండింది అక్కడే. బండిని మార్చినట్టు ఆర్‌సీలో ఎక్కించనేలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం మార్పు చేస్తే ఆర్టీఏలో నమోదు చేయించాలి. ఫ్రిజ్, ఇన్వర్టర్ లాంటి, బండితో రాకుండా తర్వాత బిగించిన ఎలక్ట్రికల్ సామానుకైతే విలువ చెప్పి, దాని మీద 4 శాతం అదనపు ప్రీమియం కట్టాలి. పాత ఓనర్ కట్టలేదు, నేను అడగలేదు. పాలసీ నా పేరు మీదికి 14 రోజుల్లోపే మార్చుకున్నాను, నేను సరిగ్గా చేసింది అదొక్కటే.

కాబట్టి బండి చూడటానికి పోతే నీళ్ల పైపు పెట్టించండి. కప్పు మీద అరగంట ధార వదిలి, లోపల ఏసీ చుట్టూ, కిటికీల మూలల్లో, పరుపుల కింద వేలితో నొక్కి చూడండి. కొత్త సీలెంట్ తెల్లగా మెరుస్తుంటే మురిసిపోకండి, ఎందుకు పూశారో అడగండి. డీలర్ ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయండి. కొన్నాక ఎప్పుడైనా రాళ్ల వానకు కప్పు పగిలితే, ఆ రోజే ఫొటోలు తీసి కంపెనీకి చెప్పండి. పట్టా కప్పి నెల తర్వాత పోతే అది కూడా పాత కారుడు కిందే రాస్తారు.

అన్యాయంగా కొట్టేశారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు ఇన్సూరెన్స్ ఫిర్యాదులు పరిష్కరించే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు. నేను మాత్రం వెళ్లడం లేదు, సర్వేయర్ చెప్పింది నిజమే కాబట్టి. నా కోపం డీలర్ మీద. ఆ వాయిస్ మెసేజ్ ఇంకా నా ఫోన్లో ఉంది. దాన్ని, గీకినప్పుడు తీసిన ఫొటోలను పట్టుకొని వచ్చే వారం వినియోగదారుల కమిషన్‌కు పోతున్నాను.