ఫ్రీడాస్‌లో కూర్చుని కోడ్ కంపైల్ చేయొచ్చా? సమీక్ష

పాత డాస్ ప్రోగ్రాములు నడపడానికి ఫ్రీడాస్ (డాస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) బాగుంటుందని అందరికీ తెలుసు. అందులోనే ఉండి సోర్సు నుంచి ప్రోగ్రాము తయారు చేసుకోవడం కుదురుతుందా అంటే, హాయిగా కుదురుతుంది. కాకపోతే ఇక్కడ బిల్డ్ ఆగిపోయిందంటే చాలాసార్లు తప్పు కంపైలర్‌ది కాదు. ఎన్విరాన్‌మెంట్ (వేరియబుల్స్ దాచే చోటు) నిండిపోయి ఉంటుంది, లేదా ఫైలు పేరు ఎనిమిది అక్షరాలకు తెగి ఉంటుంది, లేదా డీపీఎంఐ (డాస్‌లో 32 బిట్ల ప్రోగ్రాములను నడవనిచ్చే ఏర్పాటు) దొరికి ఉండదు. ఈ మూడింటినీ ముందే సరిచూసుకుంటే మిగతాదంతా సాఫీగా సాగుతుంది.

1994లో జిమ్ హాల్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు 1.0కు చేరడానికి 2006 దాకా పట్టింది. 1.3 వెర్షన్ 2022లో, 1.4 వెర్షన్ 2025లో వచ్చాయి. కింద రాసినవి ఈ రెండింటికీ వర్తిస్తాయి.

ఇన్‌స్టాల్ చేయడం తేలిక. క్యూఈఎంయూలో గానీ మరో వర్చువల్ మెషీన్‌లో గానీ 500 ఎంబీ డిస్కు, 64 ఎంబీ ర్యామ్ ఇస్తే చాలు. డిస్కు 2 జీబీ దాటించకపోవడమే మంచిది. పాత ఇన్‌స్టాలర్లు కొన్ని ఖాళీ స్థలాన్ని లెక్కపెట్టడంలో పొరబడి, బోలెడంత చోటున్నా చాలదంటాయి. సీడీ డ్రైవును పాత తరహా ఐడీఈ డిస్కు కంట్రోలర్‌కే తగిలించండి, కొత్త తరహా ఏహెచ్‌సీఐ మీద ఉంటే డ్రైవరుకు కనపడదు. పార్టిషన్ చేశాక రీబూట్ అడుగుతుంది, తప్పక చేయాలి. ఆ తర్వాత ఇన్‌స్టాలర్ మళ్లీ మొదలై ఫార్మాట్ దగ్గరికి వస్తుంది. అసలు కంప్యూటర్ మీద పెట్టదలిస్తే బయాస్ గానీ, యూఈఎఫ్ఐలో సీఎస్ఎం (పాత బయాస్‌లా నడిపించే మోడ్) గానీ ఉండాలి. ఒట్టి యూఈఎఫ్ఐ మెషీన్ మీద ఇది బూట్ కాదు.

ప్యాకేజీల ఏర్పాటు ఫ్రీడాస్‌లో అన్నిటికన్నా నచ్చే భాగం. ప్రతి ప్యాకేజీ ఒక మామూలు జిప్ ఫైలు. లోపల యాప్‌ఇన్ఫో అనే డైరెక్టరీలో ఆ ప్యాకేజీ వివరాలున్న ఎల్ఎస్ఎం ఫైలు, సోర్స్ డైరెక్టరీలో దాని సోర్సు ఉంటాయి. జిప్ చేతిలో ఉంటే ఎఫ్‌డీఇన్‌స్ట్ ఇన్‌స్టాల్ అని ఫైలు పేరు ఇస్తే సరిపోతుంది, నెట్‌వర్క్ అక్కర్లేదు. మెనూలో చూసి ఎంచుకోవాలంటే ఎఫ్‌డీఇంపుల్స్ ఉంది. అయితే సీడీ డ్రైవులో లేనప్పుడు అది ఇప్పటికే ఎక్కించినవాటినే చూపిస్తుంది. కంపైలర్లు కనపడకపోతే బోనస్ సీడీ పెట్టి మళ్లీ తెరవండి.

నెట్‌వర్క్ నుంచి తెచ్చుకునే ఎఫ్‌డీఎన్‌పీకేజీ కూడా ఉంది గానీ, దానికి ముందు ప్యాకెట్ డ్రైవర్ (డాస్‌లో నెట్‌వర్క్ కార్డును నడిపే డ్రైవర్) లోడ్ కావాలి. ఫ్రీడాస్‌లో బలహీనమైన చోటు ఇదే. ఇప్పటి నెట్‌వర్క్ కార్డుల్లో చాలావాటికి డాస్ డ్రైవరే లేదు. వర్చువల్ మెషీన్‌లో ఏఎండీ పీసీనెట్ కార్డును ఎంచుకుంటే పని జరుగుతుంది. అసలు కంప్యూటర్ మీదైతే జిప్‌లను వేరేచోట దించుకుని యూఎస్‌బీ డ్రైవు మీదో సీడీ మీదో తెచ్చుకోవడమే నయం.

పరీక్షకు ముందుగా నాస్మ్ అనే అసెంబ్లర్‌తో మొదలుపెట్టండి, దానికి ఏ ఎన్విరాన్‌మెంట్ వేరియబులూ అక్కర్లేదు. తెర మీద హలో అని చూపించే ప్రోగ్రాము నాలుగు ఇన్‌స్ట్రక్షన్లు: ఏహెచ్ రిజిస్టరులో 9, డీఎక్స్ రిజిస్టరులో సందేశం అడ్రస్, ఇంటరప్ట్ 21 హెక్స్, చివర రెట్. ఈ నాలుగూ 8 బైట్లు, హలోకు ఇంగ్లిషులో అయిదక్షరాలు, ముగింపు డాలర్ గుర్తుతో కలిపి 6. మొత్తం 14 బైట్ల కామ్ ఫైలు.

నాస్మ్ -ఎఫ్ బిన్ హలో.ఏఎస్ఎం -ఓ హలో.కామ్

పైన ఆర్గ్ 100 హెక్స్ అనే వరుస మరిచిపోతే నాస్మ్ ఏమీ అనదు. కానీ డీఎక్స్‌లోకి 108 హెక్స్‌కు బదులు 8 వెళ్తుంది. కామ్ ఫైలు 100 హెక్స్ దగ్గర లోడ్ అవుతుంది కాబట్టి 8 అంటే ప్రోగ్రాము ముందుండే పీఎస్‌పీ (ప్రోగ్రాము గురించి డాస్ రాసుకునే వివరాలు) ప్రాంతం. అక్కడి నుంచి డాలర్ గుర్తు తగిలేదాకా ఏదుంటే అది తెర మీద పడుతుంది. తెర నిండా చెత్త కనిపిస్తే మొదట చూడాల్సింది ఆ వరుసనే.

సీ భాషకు వస్తే రెండు దారులున్నాయి. పెద్ద ప్రోగ్రాములకూ, యూనిక్స్ వైపు నుంచి తెచ్చే సోర్సుకూ డీజేజీపీపీ. ఇది డాస్‌కు తెచ్చిన జీసీసీ కంపైలరే, 386 ప్రాసెసర్ నుంచి పైకి, 32 బిట్లలో నడుస్తుంది. 8086 ప్రాసెసర్ మీద కూడా నడిచే 16 బిట్ల ఫైలు కావాలంటే ఓపెన్ వాట్‌కామ్ కంపైలర్. చిన్న యుటిలిటీలకు వాట్‌కామ్‌నే ఎంచుకోమంటాం, తయారైన ఫైలు చిన్నగా ఉంటుంది, పక్కన డీపీఎంఐ సర్వర్ పెట్టనక్కర్లేదు.

డీజేజీపీపీలో తప్పులు ఎక్కువగా జరిగేది అమర్చేటప్పుడు. జిప్‌లన్నీ ఒకే డైరెక్టరీలో, లోపలి డైరెక్టరీలు చెదరకుండా విప్పాలి. బూట్ అయ్యేటప్పుడు నడిచే ఎఫ్‌డీఆటో.బ్యాట్‌లో రెండు వరుసలు చేర్చాలి. డీజేజీపీపీ అనే వేరియబుల్ డీజేజీపీపీ.ఎన్వ్ ఫైలు పూర్తి దారిని చూపాలి, పాత్‌లో దాని బిన్ డైరెక్టరీ ముందుండాలి. మొదటిది లేకపోతే జీసీసీ తెరుచుకుంటుంది గానీ హెడర్లు, లోపలి భాగాలు ఎక్కడున్నాయో దానికి తెలియదు. లోడ్ ఎర్రర్, నో డీపీఎంఐ అని వస్తే డీపీఎంఐని అందించే సీడబ్ల్యూఎస్‌డీపీఎంఐ.ఈఎక్స్ఈ పాత్‌లో లేదన్నమాట. మీరు తయారు చేసిన ప్రోగ్రాము ఇంకొకరికి ఇచ్చేటప్పుడు కూడా ఆ ఫైలు పక్కన పెట్టి ఇవ్వాలి, చాలామంది ఇది మరిచిపోతారు.

వేరియబుల్స్ రాసినా పనిచేయడం లేదంటే సెట్ అని ఒక్కమాట కొట్టి చూడండి. మీరు రాసినది జాబితాలో లేకపోతే ఎన్విరాన్‌మెంట్‌కు కేటాయించిన చోటు నిండింది. బూట్ సెట్టింగులుండే ఎఫ్‌డీకాన్ఫిగ్.సిస్‌లో కమాండ్.కామ్‌ను పిలిచే షెల్ వరుసలో స్లాష్ ఈ కోలన్ తర్వాతి అంకెను 2048 చేసి రీబూట్ చేయండి. బూట్ మెనూలో ఒక్కో ఎంపికకు ఒక్కో షెల్ వరుస ఉండొచ్చు. మీరు వాడే ఎంపికదే మార్చారో లేదో చూసుకోవాలి. కమాండ్ లైను పొడవు కూడా 120 చిల్లర అక్షరాలకే ఆగిపోతుంది. పాత్ అంతకు మించితే తోక తెగుతుంది. వాట్‌కామ్ లింకర్‌కు ఆబ్జెక్ట్ ఫైళ్లు బోలెడు ఇవ్వాల్సివస్తే వాటిని ఒక టెక్స్ట్ ఫైలులో రాసి, ఆ పేరు ముందు ఎట్ గుర్తు పెట్టండి.

ఫైలు పేర్ల చిక్కు మరీ మోసపూరితమైనది. కాన్ఫిగరేషన్.సి, కాన్ఫిగరేటర్.సి అని సోర్సులో రెండు ఫైళ్లున్నాయనుకుందాం. ఇంగ్లిషు స్పెల్లింగులో రెండింటికీ మొదటి ఎనిమిది అక్షరాలు ఒక్కటే. పేర్లను తెగ్గోసి విప్పే సాధనంతో రెండోది మొదటిదాని మీదే కూర్చుంటుంది. అన్‌జిప్ పాత ఫైలు మీద రాయనా అని అడిగినప్పుడు అవునని నొక్కేస్తే ఒక ఫైలు పోయినట్టే. గంట తర్వాత లింకర్ ఏదో ఫంక్షన్ లేదని మొరపెట్టుకుంటుంది. విప్పకముందే, పొడవైన ఫైలు పేర్లను అనుమతించే డాస్‌ఎల్ఎఫ్ఎన్ లోడ్ చేయండి. విప్పేటప్పుడు ఆ ప్రశ్న ఒక్కసారి వచ్చినా అక్కడే ఆపేయాలి.

వర్చువల్ మెషీన్‌లో ఊరికే ఉన్నప్పుడు కూడా ప్రాసెసర్ నూటికి నూరు శాతం తిరుగుతుంటే ఎఫ్‌డీఏపీఎం ఏపీఎండాస్ అని ఎఫ్‌డీఆటోలో చేర్చండి. పాత టర్బో పాస్కల్ ప్రోగ్రాములు రన్‌టైమ్ ఎర్రర్ 200 అని పడిపోతే అది ఫ్రీడాస్ లోపం కాదు. వేగమైన ప్రాసెసర్ మీద వాటి సీఆర్‌టీ యూనిట్ (టర్బో పాస్కల్‌తో వచ్చే లైబ్రరీ) వేసే ఆలస్యం లెక్కే పొంగిపోతుంది.

అన్నిటికన్నా తృప్తినిచ్చేది కెర్నల్‌ను అక్కడే బిల్డ్ చేయడం. నాస్మ్, వాట్‌కామ్ ఉంటే చాలు. సోర్సులోని కాన్ఫిగ్.బిని కాన్ఫిగ్.బ్యాట్‌గా కాపీ చేసి, అందులో కంపైలర్ పేరు, దాని దారి సరిచేయాలి. ఎక్స్‌సీపీయూ (ప్రాసెసర్ రకం) వరుసలో 86 గానీ 386 గానీ, ఎక్స్‌ఫ్యాట్ (XFAT, ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ రకం) వరుసలో 32 పెట్టి బిల్డ్ అని కొట్టండి. బిన్ డైరెక్టరీలో కెర్నల్.సిస్ తయారవుతుంది. దాన్ని నేరుగా సి డ్రైవు మీద రాయకండి. పొరపాటు జరిగితే మెషీన్ లేవదు. బిన్ డైరెక్టరీలోకి వెళ్లి, సిస్ కమాండ్‌తో ఫ్లాపీ ఇమేజ్ మీదికి ఎక్కించి, దాంతో బూట్ చేసి, వెర్ స్లాష్ ఆర్ కొట్టి కెర్నల్ వెర్షన్ మీరు బిల్డ్ చేసినదేనని చూసుకున్నాకే సి డ్రైవు జోలికి వెళ్లండి.