కొవ్వు కరిగిస్తుందన్న కాల్షియం బిళ్ల: డబ్బా మీద ఒకటి, లోపల ఒకటి

డబ్బా మీద 1250 మిల్లీగ్రాములని పెద్ద అక్షరాలు. అది కాల్షియం కార్బొనేట్ బరువు. అందులో అసలు కాల్షియం 40 శాతమే, అంటే 500. పావు లీటరు పాలలోనే దాదాపు 300 ఉంటుంది, పైగా ప్రొటీన్ కూడా.

కొవ్వు సంగతికొస్తే, పేగులో కాల్షియం కొంత కొవ్వు ఆమ్లాన్ని పట్టుకుని సబ్బులా మార్చి మలంతో పంపేస్తుంది. నిజమే, కానీ రోజుకు కొద్ది గ్రాములే. కూరలో ఒక చెంచా నూనె ఎక్కువ పడితే ఆ లాభం కాస్తా పోయినట్టే. తిండి తగ్గించకుండా బిళ్లలతో నడుము తగ్గదు.

ఎముకల కోసమైతే సరుకు బాగానే ఉంది. భోజనంతో వేసుకోవాలి, పరగడుపున సరిగా ఒంటబట్టదు. రెండు బిళ్లలు ఒకేసారి మింగితే దండగ. థైరాయిడ్ మాత్రకు 4 గంటల ఎడం తప్పనిసరి. మలబద్ధకం ఉచితం! కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టరును అడగందే ముట్టుకోవద్దు.