బ్యాంకాక్‌లో టుక్‌టుక్ అతను “లోకల్ సీఫుడ్” అంటే ఎక్కకండి

బ్యాంకాక్ వెళ్తున్నవాళ్లు ఇది చదివి బయల్దేరండి. ముఖ్యంగా పెద్దవాళ్లను వెంటబెట్టుకెళ్లేవాళ్లు.

నేను, మా ఆవిడ, అత్తయ్య గ్రాండ్ ప్యాలెస్ చూసి బయటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. అత్తయ్య ఆకలికి ఆగలేరు. ఒక టుక్‌టుక్ అతను వచ్చి, “టూరిస్టులు పోయే చోటు కాదు, మావాళ్లు తినే చోటు. 20 బాట్లు ఇవ్వండి చాలు” అన్నాడు. అంత దూరానికి ఆ డబ్బు గ్యాసుకు కూడా చాలదు. అక్కడే మాకు అనుమానం రావాల్సింది. ఇలాంటి చోట్ల మనిషిని తెచ్చి దింపినందుకు డ్రైవర్‌కు కమీషన్ ముడుతుంది.

లోపల ఒక్క థాయ్ కుటుంబం కూడా లేదు. మెనూలో రొయ్యల బొమ్మ కింద 280 అని పెద్దగా ఉంది. పక్కనే చీమ తలకాయంత అక్షరాల్లో “100 గ్రాములకు” అని ఉంది. మేము ప్లేటు ధర అనుకున్నాం. తూకం మా ముందు వెయ్యలేదు. అడగకుండానే వేరుశనగ గుళ్లు, తడి టిష్యూలు తెచ్చిపెట్టారు.

బిల్లులో రొయ్యలు 800 గ్రాములు, 2,240. చేప కిలో 400 గ్రాములు, 2,660. మూడు కొబ్బరి బోండాలు 450. అన్నం, ఆ గుళ్లు, టిష్యూలు కలిపి 250. దానిమీద 10 శాతం సర్వీస్ ఛార్జి, ఆపైన 7 శాతం వ్యాట్. మొత్తం 6,591 బాట్లు. మన డబ్బుల్లో పదిహేను వేలు దాటింది. అత్తయ్య మొహం చిన్నబోయింది, “నావల్లే కదా” అని రాత్రి అన్నం ముట్టలేదు. డబ్బు కన్నా నాకు అదే బాధ.

అక్కడ సీఫుడ్ తూకం మీద అమ్మడం మామూలే, అది మోసం కాదు. వంద గ్రాములను వాళ్లు “ఖీత్” అంటారు. “ఖీత్ లా థావ్ రై” అంటే ఖీత్ ఎంత అని. అది అడిగి, కళ్లముందు తూయించుకుని, మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకున్నాకే వండమనండి.

అక్కడివాళ్లు నిజంగా తినే చోటు మర్నాడు హోటల్ వెనక సందులోనే దొరికింది. మన కర్రీ పాయింట్ లాంటిదే, “ఖావ్ కేంగ్” అంటారు. ట్రేల నిండా కూరలు, మెడలో ఐడీ కార్డులతో ఆఫీసువాళ్ల వరస. వేలితో చూపిస్తే అన్నం మీద వేసిస్తారు. రెండు కూరలతో ప్లేటు 60 బాట్లు. బల్లమీద పంచదార, ఎండుమిరప పొడి, చేపల సాస్, మిరపకాయలు వేసిన వెనిగర్ ఉంటాయి, ఎవరికి కావాల్సింది వాళ్లు కలుపుకుంటారు. అత్తయ్య రెండోసారి అన్నం అడిగి వేయించుకున్నారు.

శాకాహారులు పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న “జే” కొట్లు చూసుకోండి. మామూలు కొట్లో కూరగాయల వేపుడులోనూ చేపల సాస్ పడుతుంది. మాల్స్‌లో ఫుడ్ కోర్టులూ నయమే, ధరలు బోర్డు మీదే ఉంటాయి. చైనాటౌన్‌లో యావరాత్ రోడ్డుకు సాయంత్రం వెళ్లండి, కానీ సోమవారం వద్దు, ఆరోజు చాలా తిండి బళ్లు ఉండవు.

బిల్లు దగ్గర గొడవైతే గట్టిగా అరవకండి. మెనూ, బిల్లు ఫోటో తీసుకుని టూరిస్ట్ పోలీస్ నంబరు 1155కి ఫోన్ చెయ్యండి. ఆ నంబరు ఆరోజు మా దగ్గర లేదు.