ఆరెంజ్ విప్: బ్యాక్‌స్వింగ్‌కు బలం చేకూర్చే సాధనం

గోల్ఫ్‌లో బంతిని ఎక్కువ దూరం కొట్టే క్లబ్ (కర్ర) అయిన డ్రైవర్‌తో బంతిని దూరం పంపాలన్న ఆత్రంలో చాలామంది క్లబ్‌ను చేతులతోనే గబుక్కున వెనక్కి లాగుతారు. భుజాలు పూర్తిగా తిరగకముందే చేతులు పైకి చేరిపోవడం వల్ల, చూడటానికి బ్యాక్‌స్వింగ్ (కొట్టేముందు క్లబ్‌ను వెనక్కి ఎత్తడం) పూర్తయినట్టే ఉంటుంది గాని, బంతి మీద చూపడానికి ఒంట్లో బలం కూడి ఉండదు. ఈ అలవాటును మాన్పించడానికి ఎన్ని సలహాలు విన్నా రాని ఫలితం ఆరెంజ్ విప్ అనే అభ్యాస సాధనంతో వస్తుందని నా గట్టి నమ్మకం.

అమెరికాకు చెందిన పీజీఏ (వృత్తి గోల్ఫర్ల సంఘం) శిక్షకుడు జిమ్ హాకెన్‌బర్గ్ రూపొందించిన ఈ సాధనంలో బాగా వంగే షాఫ్ట్ (కాడ), దాని కొసన బరువైన నారింజరంగు గుండు, గ్రిప్ (పిడి) చివర సమతూకం కోసం మరో బరువు ఉంటాయి. పెద్ద సైజు పొడవు 47 అంగుళాలు కనుక మామూలు డ్రైవర్ కన్నా కాస్త ఎక్కువే. దీనితో బంతిని కొట్టకూడదు. ఆగకుండా వెనక్కీ ముందుకూ ఊపాలి.

చేతులతో లాగితే షాఫ్ట్ వణికి గుండు దారి తప్పుతుంది. ఛాతీ, భుజాలు, నడుము కలిసి తిరిగితే అది ఒకే తీరుగా సాగిపోతుంది. పైకి చేరాక గుండు బరువుకు షాఫ్ట్ వంగి, అరచేతుల్లో సన్నటి లాగుడు తగులుతుంది. అది తెలిసేదాకా ఓపిక పట్టి, ఆ తర్వాతే ముందు కాలి (బంతి వెళ్లాల్సిన వైపున్న కాలి) మీదకు బరువు మార్చి కిందికి రావాలి. దూరాన్ని తెచ్చిపెట్టేది ఆ ఓపికే. రోజంతా కుర్చీలో కూర్చుని నడుము బిగుసుకుపోయినవారు వెనక్కి ఊపేటప్పుడు ముందు కాలి మడమను కొద్దిగా లేవనిస్తే భుజాలు మరింత తిరుగుతాయి. గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లస్ అంతటి ఆటగాడే తన ముందు కాలైన ఎడమ కాలి మడమను లేవనిచ్చేవాడు కనుక దీన్ని లోపంగా భావించనక్కరలేదు.

ఆరెంజ్ విప్‌కు క్లబ్‌ఫేస్ (బంతికి తగిలే ముఖభాగం) లేదు కాబట్టి బంతి ఏ దిక్కుకు పోతుందో ఇది నేర్పదు. కేవలం వేగమే కావాలనుకునేవారికి, డ్రైవర్ కన్నా 20 శాతం, 10 శాతం తేలికైనవి, 5 శాతం బరువైనది, ఇలా మూడు కర్రలుండే సూపర్‌స్పీడ్ సెట్టు ఉంది. అయితే ఒళ్లు సరిగా తిరగడం రాకముందే వేగం వెంటపడటం నడుముకు చేటు కనుక, ముందుగా కొనవలసింది ఆరెంజ్ విప్‌నే.

పెద్ద సైజును సీలింగ్ ఫ్యాన్ ఉన్న గదిలో ఊపడం ప్రమాదం. డాబా మీదో, ఖాళీ స్థలంలోనో ఊపాలి. రౌండు మధ్యలో ఇలాంటి సాధనాన్ని ఊపడానికి గోల్ఫ్ నియమాలు ఒప్పుకోవు కాబట్టి, మొదటి టీకి (ఆట మొదలుపెట్టే చోటుకు) వెళ్లేముందే ఒళ్లు వేడెక్కేదాకా ఊపి, కారులో పెట్టేసి వెళ్లడం మంచిది.